శివారు చాప్టర్ల కోసం ఒక జాతీయ సంఘం

కడియపులంకలో నర్సరీ చూసుకునే మనిషికి దేశమంతటి సంఘంతో ఏం పని అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మా పెదనాన్న అయితే "ఢిల్లీ వాళ్ళ గొడవ మనకెందుకమ్మా, మొక్కలకి నీళ్ళు పెట్టుకోక" అన్నారు. ఫోన్‌లో ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. సంగతి ఇదీ: విదేశీ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల్లో వెళ్ళొచ్చినవాళ్ళు ఊళ్ళల్లో పెట్టుకున్న చిన్న చిన్న అలుమ్ని చాప్టర్లకి, అంటే పూర్వ సభ్యుల స్థానిక బృందాలకి, అండగా ఉండేలా ఒక జాతీయ సంఘం పెట్టాలని కొన్ని రాష్ట్రాల వాళ్ళం కలిసి పని చేస్తున్నాం. అది మన గోదావరి డెల్టా లాంటి చోటికే ఎక్కువ అవసరమని నా నమ్మకం. ఎందుకో తీరిగ్గా రాస్తున్నాను.

అమెరికా విదేశాంగ శాఖ 2007లో కమ్యూనిటీ కాలేజ్ ఇనిషియేటివ్ అని ఒక ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఒక విద్యా సంవత్సరం పాటు అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చదువు, ఇంటర్న్‌షిప్, ఆ ఊరి కోసం కొంత సేవ. నేను వ్యవసాయం తీసుకుని అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో కిర్క్‌వుడ్ కాలేజీకి వెళ్ళాను. గ్రీన్‌హౌస్‌లో నారు ఎలా పెంచుతారో, కుండీ మట్టిలో ఏది ఎంత కలుపుతారో అక్కడ చేత్తో చేసి నేర్చుకున్నాను. వాళ్ళు పీట్ మాస్ అనే ఎండిన నాచు వాడతారు. మనకి అంబాజీపేట వైపు కొబ్బరి పొట్టు కావలసినంత దొరుకుతుంది. దాన్ని ఉప్పు పోయేదాకా కడిగి, ఆరబెట్టి కలపడం మా నర్సరీలో అలా మొదలైంది.

ఈ ప్రోగ్రాంలో డిగ్రీ ఇవ్వరు, సర్టిఫికెట్ ఇస్తారు. వీసా జె-1, అంటే ఎక్స్ఛేంజ్ మీద వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది. తిరిగొచ్చాక రెండేళ్ళు సొంత దేశంలో ఉంటే గానీ హెచ్-1బి లాంటి ఉద్యోగ వీసాకి, గ్రీన్‌కార్డుకి అర్హత రాదు. ఈ రెండు సంగతులూ మనవైపు బంధువులకి చెప్పి ఒప్పించడం చాలా కష్టం. "అమెరికా దాకా వెళ్ళి డిగ్రీ లేకుండా వచ్చేసిందా?" అని అడుగుతారు. ఏదో తేడా జరిగే ఉంటుందని లోపల అనుకుంటారు. మా పిన్ని ఒక సంబంధం వాళ్ళ ముందు నా ప్రయాణం సంగతే ఎత్తలేదు. వచ్చిన కొత్తలో నాకు ఎవరితోనూ మాట్లాడాలనిపించేది కాదు. నాకంటే ముందు బ్యాచ్‌లో వెళ్ళొచ్చిన రామచంద్రపురం అక్క ఒకామె ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేశారు. "నాకూ ఇలాగే అయ్యిందమ్మా. మన ఇంట్లోనే మనం చుట్టాల్లా ఉంటాం. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. ముందు నువ్వు నేర్చుకున్న పని ఏదో ఒకటి చెయ్యడం మొదలుపెట్టు" అన్నారు. చాప్టర్ అనే మాట వినడానికి ముందే అది చేసే పని నాకు అలా తెలిసింది.

తర్వాత ఒకరి ద్వారా ఒకరం దొరికాం. పాలకొల్లులో రిటైరైన మాస్టారు ఒకరు రోటరీ వాళ్ళ గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్‌లో ఆస్ట్రేలియా వెళ్ళొచ్చారు. రోటరీ ఆ ప్రోగ్రాంని 1965 నుంచి 2013 దాకా నడిపింది. రొటేరియన్లు కాని ఉద్యోగస్తుల్ని, 25 నుంచి 40 ఏళ్ళ వాళ్ళని ఒక జట్టుగా పంపేవారు. అక్కడి సభ్యుల ఇళ్ళల్లో బస. మన రెండు గోదావరి జిల్లాల్లో రోటరీ క్లబ్బులు ఎంత బలంగా ఉండేవో పెద్దవాళ్ళకి తెలుసు. కాబట్టి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 2013లో ప్రోగ్రాం ఆగిపోయింది, వాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు. వాళ్ళని పలకరించేవాళ్ళు లేరు, అంతే. భీమవరం అబ్బాయి ఒకడు హైస్కూల్ వయసులో కెన్నెడీ-లూగర్ యెస్ ప్రోగ్రాంలో ఒక అమెరికన్ కుటుంబంతో ఉండి చదువుకున్నాడు. కాకినాడ ఇంజనీరు ఒకాయన జపాన్‌లో ఏఓటీఎస్ అనే సంస్థ విదేశీ సాంకేతిక ఉద్యోగులకి ఇచ్చే శిక్షణకి వెళ్ళొచ్చారు. రాజమండ్రిలో ఒక లెక్చరర్ మేడమ్ అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద వెళ్ళొచ్చారు.

హైదరాబాద్ లాంటి నగరంలో ప్రతి ప్రోగ్రాంకీ విడిగా ఒక చాప్టర్ పెట్టుకునేంతమంది ఉంటారు. మన దగ్గర ఏ ఒక్క ప్రోగ్రాం తీసుకున్నా కోరం కూడా రాదు. అందుకే అందరం కలిసి ఒకే చాప్టర్ అనుకున్నాం. ఏ దేశం వెళ్ళారు, ఎవరు పంపారు అనే పట్టింపు లేదు. ఇదేదో తప్పనిసరై చేసిన సర్దుబాటులా మొదలైంది గానీ, ఇప్పుడు నాకు ఇదే మంచి పద్ధతి అనిపిస్తోంది. జపాన్‌లో ఫ్యాక్టరీ చూసొచ్చిన ఆయనా, ఆస్ట్రేలియాలో బడులు చూసొచ్చిన మాస్టారూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటుంటే వినాలి. జాతీయ సంఘం రూల్స్‌లో కూడా ప్రోగ్రాం పేరు మీదే చాప్టర్ ఉండాలనే షరతు పెట్టవద్దని మేం మొదటి నుంచీ అడుగుతున్నాం.

మా మీటింగులు రావులపాలెంలో. అమలాపురం వాళ్ళు కొత్తపేట మీదుగా వచ్చేస్తారు, మేం జొన్నాడ వంతెన దాటి వస్తాం, పశ్చిమ వాళ్ళు సిద్ధాంతం వంతెన మీదుగా వస్తారు. సాయంత్రం ఆడపిల్లలు చీకటి పడకుండా ఇల్లు చేరాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక మేం నాలుగు జిల్లాల వాళ్ళం అయ్యాం: తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ. అయినా చాప్టర్ ఒకటే. నది, కాలువలు కలిపిన ఊళ్ళని కాగితం మీద గీతల్ని బట్టి విడదీసుకోదలచుకోలేదు.

అదే 2022 జూలైలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, అయినవిల్లి వైపు లంకల్లో ఇళ్ళు మునిగాయి. చాప్టర్ వాళ్ళం టార్పాలిన్లు, తాగునీళ్ళు, పాల ప్యాకెట్లు, చంటిపిల్లలకి బట్టలు పోగుచేసి పడవల మీద పంపాం. పని బాగానే జరిగింది. డబ్బు దగ్గరే ఇరుక్కున్నాం. వేరే రాష్ట్రాల్లో ఉన్న అలుమ్ని "మేమూ పంపుతాం, అకౌంట్ నంబరు ఇవ్వండి" అన్నారు. చాప్టర్‌కి రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, బ్యాంకు అకౌంట్ లేదు. చివరికి పాలకొల్లు మాస్టారి సొంత అకౌంట్‌కే వచ్చింది అంతా. కేరళ నుంచి పంపిన ఆవిడ పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడిగారు. అడగడంలో తప్పేం లేదు, ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. మాస్టారు ప్రతి రూపాయీ నోట్‌బుక్‌లో రాసి, బిల్లులతో సహా గ్రూప్‌లో ఫొటోలు పెట్టారు. ఆ వయసులో ఆయన పడ్డ టెన్షన్ చూసి నాకు చాలా బాధేసింది. నలుగురి డబ్బు ఒక మనిషి మంచితనం మీద నడవకూడదు.

ఇంకోటి కూడా జరిగింది. సీడర్ రాపిడ్స్‌లో సెలవు రోజుల్లో నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టిన కుటుంబం వార్త తెలిసి మెసేజ్ పెట్టారు. 2008 జూన్‌లో సీడర్ నది పొంగి వాళ్ళ నగరంలో పది చదరపు మైళ్ళు మునిగింది. వరద అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. డబ్బు పంపుతామన్నారు. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా మేం తీసుకోకూడదు. అంత ప్రేమగా అడిగినవాళ్ళకి వద్దని రాయాల్సి వచ్చింది. ఆ మెసేజ్ రాసిన రోజే నాకు జాతీయ సంఘం సంగతి పట్టుకుంది.

ఇతర దేశాల్లో ఎలా చేశారో చదివాను. జపాన్ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన జెట్ ప్రోగ్రాంలో ఏటా విదేశీ యువత అక్కడి బడుల్లో భాష నేర్పడానికి వెళ్తుంటారు. తిరిగొచ్చిన అమెరికన్లు ఊరూరా చాప్టర్లు పెట్టుకున్నారు. వాటన్నిటికీ కలిపి యూఎస్‌జెటా అనే జాతీయ సంస్థ ఏర్పడింది 2015లో. దాని కింద 19 చాప్టర్లు. ఫుల్‌బ్రైట్ ప్రోగ్రాం 1946లో పుట్టింది, అమెరికాలో ఫుల్‌బ్రైట్ అసోసియేషన్ వచ్చింది 1977లో. అమెరికా వాలంటీర్లని వేరే దేశాలకి పంపే పీస్ కోర్ 1961లో, దాని వాలంటీర్ల జాతీయ సంఘం 1979లో. అంటే డబ్బూ మనుషులూ ఉన్న చోట కూడా చాప్టర్లు ముందు, జాతీయ సంఘం పద్దెనిమిదేళ్ళకో ముప్పై ఏళ్ళకో. ఈ వరస నాకు ధైర్యం ఇచ్చింది. కింద మనుషులు కలిసి పని చెయ్యడం అలవాటయ్యాక వాళ్ళ అవసరాల కోసం పైన ఒకటి కట్టుకున్నారు. మనం కూడా ముందు ఢిల్లీలో ఆఫీసు తెరిచి తర్వాత చాప్టర్లని వెతుక్కోవడం కాకుండా, ఉన్న చాప్టర్ల చేతకాని పనులేమిటో అడిగి అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

చేతకాని పనులు చాలానే ఉన్నాయి. ఒకటి లెక్కలు, ఆడిట్. ఇంకోటి జ్ఞాపకం. మా సెక్రటరీగా చేసిన అమ్మాయికి పెళ్ళయి పుణె వెళ్ళిపోయింది. సభ్యుల ఫోన్ నంబర్లు, గ్రామాల్లో మాకు సాయం చేసిన సర్పంచులు, పడవల వాళ్ళ వివరాలు అన్నీ ఆమె ఫోన్‌లోనే. ఆమె ఎంతో ఓపిగ్గా అన్నీ పంపింది గానీ, అందరికీ అంత ఓపిక ఉండదు కదా. చిన్న ఊళ్ళో చురుగ్గా ఉండేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళు ఉద్యోగం కోసమో పెళ్ళయ్యో కదిలితే చాప్టర్ అక్కడితో నిద్రపోతుంది. తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి. ఈ కాగితాలు, పాస్‌వర్డులు, పరిచయాలు ఒక చోట భద్రంగా ఉంచి కొత్తవాళ్ళ చేతికి అందించే పని జాతీయ సంఘం ఒక్కటి చేసినా నేను చందా కడతాను.

రిజిస్ట్రేషన్ దగ్గర మేం చాలా చర్చించాం. మా చాప్టర్‌ని విడిగా ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడుగురు ఉంటే చాలు. కానీ ఏటా మీటింగు తీర్మానాలు, లెక్కలు, పన్ను రిటర్ను, కమిటీ మారినప్పుడల్లా రిజిస్ట్రార్ దగ్గర కాగితాలు. రావులపాలెంలో ఆదివారం పూట కలుసుకునే జట్టుకి అది మొయ్యలేని బరువు. ఇంకో దారి, కంపెనీల చట్టం, 2013 లోని సెక్షన్ 8 కింద లాభం పంచుకోని కంపెనీగా జాతీయ సంఘాన్ని రిజిస్టర్ చేసి, చాప్టర్లు దాని శాఖలుగా పని చెయ్యడం. అప్పుడు పాన్ ఒకటే, ఆడిట్ ఒకటే, విరాళాల పన్ను మినహాయింపు అనుమతి ఒకటే. చాప్టర్ పేరుతో ఒక అకౌంట్ తెరిచి, దానికి ఇద్దరు స్థానికుల సంతకాలు పెట్టుకోవచ్చు. అప్పుడు కేరళ ఆవిడకి రసీదు వెళ్తుంది, మాస్టారు నిద్రపోతారు. ఇప్పటికే సొంత రిజిస్ట్రేషన్ ఉన్న నగరాల సంఘాలు మాత్రం శాఖలుగా మారడానికి ఒప్పుకోలేదు. వాళ్ళ కష్టార్జితం వాళ్ళది, అర్థం చేసుకోవాలి. కాబట్టి శాఖలూ ఉంటాయి, అనుబంధ సంఘాలూ ఉంటాయి అని ముసాయిదాలో రాసుకున్నాం.

విదేశీ డబ్బు సంగతి అందరికీ తెలియాలి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు. మొదట ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని అకౌంట్‌కే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ అడగాలంటే మామూలుగా మూడేళ్ళ నుంచి ఉన్న సంస్థ అయి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. "విదేశాల నుంచి పెద్ద గ్రాంటు తెచ్చి చాప్టర్లకి పంచుదాం" అని ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు ఈ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదవాలి. మొదటి మూడేళ్ళూ మన సభ్యుల చందాలతోనే నడపాలని నేను గట్టిగా వాదించాను, చాలామంది ఒప్పుకున్నారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్ళు చందా కట్టడానికి అడ్డేమీ లేదు.

ఓట్ల విషయం ఇంకా తెగలేదు. తలకో ఓటు అంటే ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్ కలిస్తే చాలు, మిగతా దేశం చప్పట్లు కొట్టడమే. మా వైపు వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా అంతా పచ్చబడింది. అయినా దాళ్వాలో, అంటే రబీ పంటకి, నీళ్ళు తగ్గి వంతులవారీ పెట్టినప్పుడు కాలువ చివరున్న శివారు పొలాలకి ఎప్పుడు అందుతాయో శివారు రైతుకే తెలుసు. కాలువ మొదట్లో, హెడ్ దగ్గరున్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళ చేను ముందుంది, అంతే. అందుకే రూల్ రాసేటప్పుడే శివారు మనిషి అక్కడ ఉండాలి. కార్యవర్గంలో సగం సీట్లు రాష్ట్ర రాజధానులు కాని ఊళ్ళ చాప్టర్లకి ఉంచాలని మేం, ఈశాన్య రాష్ట్రాల నుంచి ఇద్దరు, రాజస్థాన్ నుంచి ఒకరు కలిసి రాసిచ్చాం. చందాలో ఎక్కువ భాగం చాప్టర్ దగ్గరే ఉండాలని కూడా. ఈ రెండూ తేలకుండా మా చాప్టర్ సంతకం పెట్టదు.

సభ్యుల జాబితా గురించి ఒక మాట. డెల్టా నుంచి ఎవరెవరు ఏ ప్రోగ్రాంలో వెళ్ళారో పంపిన సంస్థల దగ్గర ఉంటుంది. వాళ్ళు ఆ పేర్లు, నంబర్లు మనకి ఇచ్చెయ్యరు, ఇవ్వకూడదు కూడా. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. జాతీయ సంఘం ఉంటే, ఆ సంస్థల్ని "మీరే వాళ్ళకి మా సంగతి మెయిల్ చెయ్యండి, ఇష్టమైనవాళ్ళు మమ్మల్ని కలుస్తారు" అని అడగొచ్చు. రావులపాలెం నుంచి ఒక చిన్న జట్టు రాస్తే ఆ ఉత్తరానికి జవాబు రాదు. రాసి చూశాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని తల్లిదండ్రులతో కూర్చోవడం. ఎవరైనా ఎంపికైతే ఆ ఇంటికి మాలో ఇద్దరం వెళ్తాం. ఒకసారి మండపేట దగ్గర ఒక పల్లెటూళ్ళో అమ్మాయి వాళ్ళ నాన్నగారు అన్నీ విని, "ఆయ్, మీరు చెప్పింది బాగానే ఉందండీ. మీ అమ్మగారు ఏమన్నారో అది చెప్పండి" అన్నారు. మా అమ్మకి ఫోన్ కలిపి ఇచ్చాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలీదు. అన్నం దొరుకుతుందా, చలికి ఏం కట్టుకోవాలి, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు లాంటివే అయ్యుంటాయి. ఆ అమ్మాయి వెళ్ళింది. వచ్చాక మా అమ్మే ముందు ఫోన్ చేసింది వాళ్ళ అమ్మగారికి. డిగ్రీ ఏది అని అడిగే చుట్టాలకి ఏం చెప్పాలో కూడా చెప్పిందట. ఇలాంటిది ఢిల్లీలో పెట్టే ఓరియెంటేషన్‌లో దొరకదు. ఇక్కడి మనుషులే చెయ్యాలి, ఇక్కడి మాటల్లోనే చెయ్యాలి. జాతీయ సంఘం చెయ్యగలిగింది ఏమిటంటే, మేం ఇలా చేసి తెలుసుకున్నది బీహార్‌లోనో ఒడిశాలోనో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అందించడం, వాళ్ళ దగ్గర మాకు తెలియనిది మాకు పంపడం. చేతిపుస్తకం తెలుగులో నేనూ రామచంద్రపురం అక్కా కలిసి రాస్తున్నాం. అందులో తల్లిదండ్రుల ప్రశ్నలకే ఎక్కువ పేజీలు పోయాయి, పోనివ్వమన్నాను.

సంక్రాంతికి బయట ఊళ్ళ నుంచి అందరూ వస్తారు కాబట్టి సర్వసభ్య సమావేశం అప్పుడే. కనుమ రోజు కోనసీమ వాళ్ళు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని రారు, రమ్మని అడగడం న్యాయం కూడా కాదు. అందుకని ముక్కనుమ నాడు పొద్దున్న పది గంటలకి, రావులపాలెంలోనే. జాతీయ సంఘం బైలాస్ (నియమావళి) ముసాయిదా తెలుగు ప్రతి సిద్ధంగా ఉంది. ఓట్ల పద్ధతి, చందా పంపకం, శాఖగా చేరాలా వద్దా, ఈ మూడింటి మీదే చర్చ, తర్వాత చేతులెత్తి తీర్మానం. ఏ దేశం పంపినా, ఏ సంవత్సరం వెళ్ళినా, ఆ ప్రోగ్రాం ఇప్పుడు లేకపోయినా రండి. నరసాపురం, మొగల్తూరు వైపు నుంచి మాకు ఇంతవరకూ ఎవరూ తెలీదు. ఉంటే పాలకొల్లు చేరుకోండి, మాస్టారు మార్టేరు మీదుగా కారులో వస్తున్నారు, మూడు సీట్లు ఖాళీ ఉన్నాయన్నారు.